సీరియల్ సంగీతకర్తకు పేరూ, హక్కూ దక్కాలి

సంపాదకులకు,

నమస్కారం. కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు 2023లో ఆస్కార్ అందుకున్న నాటి నుంచి, గోదావరి జిల్లాల్లో సంగీతం చెప్పుకుని బతికే నాబోటి వాళ్లను తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మారింది. "మా వాడు సినిమాలకు బాణీలు కట్టాలంటే ఏం నేర్చుకోవాలి మాస్టారూ?" అంటున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి శిష్యుడూ, వెదురుపాక కుటుంబం నుంచి వచ్చినవారూ అయిన దేవిశ్రీ ప్రసాద్ గారి పేరు కూడా ఆ వెంటనే చెబుతారు. ఆ ఆశ నాకు సంతోషమే. అయితే ఆ దారిన వెళ్లిన పిల్లల్లో నాకు తెలిసిన చాలామంది సినిమా దాకా చేరక ముందే టీవీ సీరియళ్లకు సంగీతం చేస్తున్నారు. అక్కడ వాళ్ల కష్టానికి పేరూ మిగలడం లేదు, హక్కూ మిగలడం లేదు. ఈ సంగతి పాఠకుల దృష్టికీ, ప్రసార సంస్థల దృష్టికీ తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ వృత్తిలో నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. కీరవాణి గారంతటి వారు కూడా సంగీత దర్శకులు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1990లో 'మనసు మమత'తో సంగీత దర్శకులుగా పరిచయమై, 1997 నాటి 'అన్నమయ్య'తో జాతీయ పురస్కారం పొందారు. మా పిల్లల ప్రయాణం జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనో, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లోనో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనో కీబోర్డు వాయించడంతో మొదలవుతుంది. అక్కడి నుంచి హైదరాబాదు వెళ్లి, ఇంకొకరి పాటలకు కంప్యూటరు మీద వాద్యాల ప్రోగ్రామింగ్ చేస్తూ, అసలు గాయకుల కంటే ముందు నమూనాగా ట్రాకులు పాడుతూ, రీరికార్డింగులో (నేపథ్య సంగీతంలో) చేయి అందిస్తూ కొన్నేళ్లు గడుపుతారు. సొంతంగా దొరికే మొదటి అవకాశం తరచుగా ఒక సీరియలే అవుతుంది.

సీరియల్ సంగీతం ఎలా తయారవుతుందో చూసేవారిలో చాలామందికి తెలియదు. మొదటి భాగం ప్రసారం కాకముందే టైటిల్ పాటతో పాటు, ముఖ్యమైన పాత్రలకు తలా ఒక బాణీ, ఏడుపుకు ఒకటి, అనుమానానికి ఒకటి, పండగ సన్నివేశానికి ఒకటి చొప్పున సంగీతకర్త ఒక మూట కట్టి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత ఎడిటర్ ఆ మూటలోంచి అవసరమైన ముక్కలు తీసి, రోజువారీ భాగాలకు అతికిస్తూ ఏళ్ల తరబడి వాడుకుంటాడు. ఇచ్చే డబ్బు మాత్రం ఎక్కువగా ఒక్కసారే. అదీ ప్యాకేజీ పద్ధతిలో, అంటే స్టూడియో అద్దె, గాయకులు, వాద్యకారులు, మిక్సింగ్ ఖర్చు అన్నీ సంగీతకర్తే ఆ మొత్తంలోంచి భరించాలి. తక్కువ ఖర్చుతో తీసే నిర్మాతకు ప్యాకేజీ అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ దాని ఫలితంగా నాలుగు వయొలిన్లూ ఒక వేణువూ ఉండవలసిన చోట అన్నీ కీబోర్డులోంచే వస్తున్నాయి, సంగీతకర్తకు మిగిలేది ఏమీ ఉండడం లేదు.

నా దగ్గర వయొలిన్ నేర్చుకున్న ఒక అబ్బాయి కట్టిన టైటిల్ పాట మా వీధిలో ప్రతి ఇంట్లోనూ వినిపించేది. మొదట్లో తెర మీద అతని పేరు వేశారు. కొన్ని నెలల తర్వాత టైటిళ్లను కుదించి, పాటలో చివరి నాలుగు క్షణాలు మాత్రం ఉంచి, పేర్లన్నీ తీసేశారు. ఆ పాట తనదేనని చెప్పినా ఇంకో నిర్మాత నమ్మలేదట. పేరు ఉంటేనే తర్వాతి పని దొరికే ఈ రంగంలో ఇది చిన్న నష్టం కాదు.

చట్టం మాత్రం వాళ్ల పక్షానే ఉంది. డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. దాదాపు మూడున్నర దశాబ్దాల తర్వాత, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ఆ అన్యాయాన్ని సరిదిద్దారు. సినిమా హాల్లో ప్రదర్శన మినహా మిగిలిన ఏ రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో, అంటే ఆ వాడకానికి చెల్లించే సొమ్ములో, సంగీతకర్తకూ, పాట రాసినవారికీ ఆ హక్కులు రాయించుకున్నవారితో సమాన వాటా ఉంటుంది. ఆ హక్కును వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసి ఇవ్వడానికి వీల్లేదు, రాసి ఇచ్చినా చెల్లదు. దృశ్యాలను రికార్డు చేసిన కృతి ఏదైనా ఈ చట్టం దృష్టిలో సినిమా కిందికే వస్తుంది కనుక సీరియళ్లకూ ఇది వర్తిస్తుంది. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగానే లెక్కిస్తారు. ఇంత రక్షణ ఉన్నా, సంగీతకర్తల, పాటల రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీగా 1969 నుంచి ఉన్న ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వం తీసుకుని తమ రచనలను నమోదు చేసుకోవాలన్న సంగతి మా పిల్లలకు చెప్పేవారు లేరు. మొదటి అవకాశం చేజారుతుందేమోనన్న భయంతో, చదవకుండానే సంతకాలు పెట్టి వస్తున్నారు.

ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా చదువులు శాస్త్రీయ సంగీతానికే ఉండాలి, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆఖరి సంవత్సరంలో ఒక న్యాయవాదినీ, ఒక సౌండ్ ఇంజినీరునూ పిలిపించి కొన్ని తరగతులు చెప్పించడం పెద్ద ఖర్చు కాదు. 1936లోనే దుర్గా సినీటోన్ స్టూడియో వెలసిన రాజమహేంద్రవరం నుంచే ఆ పని మొదలుపెట్టవచ్చు. ప్రసార సంస్థలు టైటిళ్లు ఎంత కుదించినా, సంగీతకర్త పేరును ప్రతి భాగం చివరైనా వేయాలి. మీ పత్రికలో సీరియళ్ల గురించి రాసేటప్పుడు కూడా నటీనటుల, దర్శకుల పేర్లతో పాటు సంగీతం ఎవరు సమకూర్చారో తప్పక తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సంగీతోపాధ్యాయుడు,
అమలాపురం.