కొత్త రైళ్లు పాతవాటికి తోడుగా రావాలి

సంపాదకుల వారికి,

ముంబయిలోలాగా మన హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్‌కు కూడా ఏసీ రైళ్లు తెస్తే బాగుంటుందని చాలామంది అంటుంటారు. బోరబండలో ఉంటూ సికింద్రాబాద్‌లోని ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే నాకు ఆ మాట వింటే ఆశ, భయం రెండూ కలుగుతాయి. ఆశ ఎందుకో మే నెలలో కిక్కిరిసిన మహిళల పెట్టెలో నిలబడిన ఎవరికైనా తెలుసు. భయానికి కారణం ముంబయి అనుభవం.

అక్కడ తొలి ఏసీ లోకల్ 2017 డిసెంబరు 25న పట్టాలెక్కింది. ఛార్జీ ఎక్కువ కావడంతో మొదట్లో ఎక్కేవారు తక్కువ. 2022 మేలో టికెట్ ధరను సగం వరకు తగ్గించాక ఆదరణ పెరిగింది. అదే ఏడాది ఆగస్టులో సాధారణ లోకల్ రైళ్లను తీసేసి, ఆ వేళల్లోనే ఏసీ రైళ్లు నడపడంతో కల్వా, బద్లాపూర్‌ ప్రయాణికులు నిరసనకు దిగారు. చివరికి మధ్య రైల్వే పది ఏసీ సర్వీసులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చల్లటి పెట్టెలను ఎవరు వద్దంటారు? రోజూ ఎక్కే బండి మాయమైతే మాత్రం ఎవరూ ఊరుకోరు.

ఆ తప్పు ఇక్కడ జరిగితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ముంబయిలో ఒక లోకల్ పోతే కాసేపట్లో మరొకటి వస్తుంది. 2003 ఆగస్టు 9న మొదలైన మన ఎంఎంటీఎస్ చాలాచోట్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు తిరిగే పట్టాల మీదే సర్దుకుని నడవాలి. ఒకటి తప్పితే తర్వాతి దాని కోసం చాలాసేపు ఎదురుచూడాల్సిందే. పొద్దున హైటెక్ సిటీ వైపు ఇళ్ల పనులకు వెళ్లే ఆడవాళ్లను బోరబండ స్టేషన్లో రోజూ చూస్తుంటాను. బండి అందకపోతే షేర్ ఆటోకు పెట్టే డబ్బు వాళ్లింట్లో ఒక పూట కూరగాయల ఖర్చు. ఐదు రూపాయల కనీస ఛార్జీ వాళ్లకు ఎంత ఆసరానో ఛార్జీలు నిర్ణయించేవారు గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో ఏసీ కంటే ముందు కావలసింది తలుపులు. 2025 జూన్ 9న ముంబయి శివారులోని ముంబ్రా దగ్గర కిక్కిరిసిన లోకల్ రైళ్ల నుంచి జారిపడి ప్రయాణికులు చనిపోయాక, ఏసీ లేని లోకల్ రైళ్లకూ వాటంతటవే మూసుకునే తలుపులు పెడతామని రైల్వే శాఖ ప్రకటించింది. గాలి ఆడేలా తలుపులకు సందులు, పైకప్పు మీద గాలిని లోపలికి పంపే యంత్రాలు, ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి వెళ్లే దారి ఉంటాయని కూడా చెప్పింది. మనకు సరిగ్గా సరిపోయే బండి అదే. తలుపు దగ్గర వేలాడే కాలేజీ పిల్లలను చూసి ప్రతి సాయంత్రం నా గుండె ఝల్లుమంటుంది. వాళ్లకు రక్షణ ఉంటుంది, టికెట్ ధరా పెరగదు.

ఏసీ రైళ్లూ తెస్తే సంతోషమే, అవి అదనంగా రావాలి. కొత్త రైళ్లు దింపే ముందే వేళల పట్టిక ప్రకటించి ప్రయాణికుల అభ్యంతరాలు వినాలి. ఉదయం ఏడు నుంచి పది వరకు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఇప్పుడు నడుస్తున్న సాధారణ బండి ఒక్కటి కూడా తగ్గకూడదు.

ఇట్లు,
ఒక రోజువారీ ప్రయాణికురాలు,
బోరబండ, హైదరాబాద్