సెయిలింగ్ వార్తలో పాయింట్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఒలింపిక్స్, ఆసియా క్రీడలు వచ్చినప్పుడు మీ క్రీడా పేజీలో సెయిలింగ్‌కు (తెరచాప పడవల పోటీలకు) మూడు నాలుగు లైన్లు కేటాయిస్తున్నారు, సంతోషం. అయితే వాటిలో ఎప్పుడూ ఒకటే సమాచారం: ఫలానా జోడీ ఈరోజు ఫలానా స్థానానికి దిగజారింది, పతకం ఆశలు ఆవిరయ్యాయి అని. టెస్టు మ్యాచ్ తొలిరోజు టీ విరామానికే ఎవరూ ఓటమి రాయరు. ఇద్దరు నడిపే డింగీ (చిన్న తెరచాప పడవ) పోటీ కూడా అన్ని రోజులూ సాగేదే. లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే పాఠకుడు రోజూ వెతుక్కుని మరీ చదువుతాడు.

మేం ముఖ్యంగా చెప్పేది 470 తరగతి గురించి. పడవ పొడవు 4.70 మీటర్లు, అందుకే ఆ పేరు. ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే కార్నూ 1963లో దీన్ని రూపొందించారు. 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2024 పారిస్ క్రీడల్లో తొలిసారి పురుషుల, మహిళల పోటీలను కలిపి ఒకే మిక్స్‌డ్ పోటీగా జరిపారు. పడవకు ఒక పురుషుడు, ఒక మహిళ ఉండాలి. చుక్కాని ఎవరు పట్టాలన్నది జోడీ ఇష్టం. స్వర్ణం గెలిచిన ఆస్ట్రియా పడవలో చుక్కాని లారా వాడ్లావ్ పట్టింది, క్రూగా, అంటే తోడుగా తెరచాపలు చూసుకునే రెండో వ్యక్తిగా, లూకస్ మేర్ ఉన్నాడు. రజతం నెగ్గిన జపాన్, కాంస్యం నెగ్గిన స్వీడన్ పడవల్లో చుక్కాని పురుషుడిది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ 470లో మన దేశం తరఫున సుధాన్షు శేఖర్‌తో కలిసి దిగింది మన హైదరాబాద్ అమ్మాయి ప్రీతి కొంగర. ఆ వారం రోజులు తెలుగు పత్రికల్లో ఈ పోటీ ఎలా నడుస్తుందో వివరిస్తే ఎంత బాగుండేది!

పాయింట్ల లెక్క కష్టమేమీ కాదు. రేసులో మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. తక్కువ ఉన్నవాళ్లదే పైచేయి. రేసు పూర్తి చేయకపోయినా, అనర్హత పడినా మొత్తం పడవల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ వేస్తారు. పారిస్‌లో 19 పడవలు, అంటే అలాంటి రేసుకు 20 పాయింట్లు. తగినన్ని రేసులయ్యాక ప్రతి జోడీ లెక్కలోంచి ఒక చెత్త ఫలితాన్ని కొట్టేస్తారు. మీ వార్తల్లో కనిపించనిది ఇదే.

ఒక ఊహా లెక్క చూడండి. ఒక జోడీకి ఎనిమిది రేసుల్లో వరుసగా 3, 5, 20, 4, 6, 2, 7, 9 వచ్చాయి. ఇంకో జోడీ ప్రతిసారీ ఆరో స్థానమే. మూడో రేసు అయ్యేసరికి మొదటి జోడీ ఖాతాలో 28, రెండో దానిలో 18. ఆ సాయంత్రం మొదటి జోడీ పని అయిపోయిందనే రాస్తారు. ఎనిమిదీ ముగిశాక మొదటి జోడీ మొత్తం 56లోంచి ఆ 20 పోతే మిగిలేది 36. రెండో జోడీ 48లోంచి ఒక 6 పోతే 42. మొదటి జోడీయే ముందుంది. కాకపోతే కొట్టివేత అవకాశం వాడేసుకుంది, ఇంకో తప్పు చేస్తే మోయాల్సిందే. నిజంగా రాయదగ్గ సంగతి అది.

తర్వాత మెడల్ రేస్. పారిస్‌లో దీనికి తొలి పది పడవలకే ప్రవేశం, పాయింట్లు రెట్టింపు, ఈ ఫలితాన్ని కొట్టేయడానికి వీల్లేదు. పై లెక్కలో తేడా ఆరు. మెడల్ రేసులో ఒక్కో స్థానం రెండు పాయింట్లు కనక రెండో జోడీ మూడు స్థానాలు ముందు ముగిస్తే మొత్తం సమమవుతుంది. సమమైతే మెడల్ రేసులో ముందున్నవాళ్లదే గెలుపు. కాబట్టి ఆధిక్యంలో ఉన్న జోడీ ఆ రేసు గెలవాలని చూడదు. పోటీదారుకు గాలి వచ్చే వైపున తన పడవను ఉంచి, తన తెరచాపలు చెదరగొట్టిన గాలి వాళ్లకు తగిలేలా వెంట పడుతుంది. ఇద్దరూ కలిసి వెనకబడినా దానికి లాభమే. టీవీలో ఏడో స్థానంలో కనిపించే పడవ అప్పటికే పతకం ఖాయం చేసుకుని ఉండవచ్చు.

స్థానాలు ఎందుకు తారుమారవుతాయో కూడా ఒక్క లైను రాయండి. ఎక్కువగా నష్టం జరిగేది మలుపుల దగ్గర, అదీ ఇద్దరి పనీ ఒక్క క్షణం కలవనప్పుడు. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు క్రూ నడుముకున్న కొక్కేన్ని స్తంభం నుంచి దిగే ట్రపీజ్ తీగకు తగిలించుకుని, పడవ అంచు మీద పాదాలు ఆనించి, ఒళ్లంతా బయట నీళ్ల మీద వేలాడుతుంటారు. దిశ మార్చాలంటే లోపలికి వచ్చి కొక్కెం విప్పి, జిబ్ (ముందు తెరచాప) తాడు వదిలి, బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే కర్ర) కింద నుంచి అవతలికి దూరి, కొత్త వైపు తాడు లాగి, మళ్లీ తగిలించుకుని బయటికి వేలాడాలి. ఆ జిబ్ తాడు ఆలస్యంగా వదిలితే ముందు తెరచాపకు గాలి వెనక నుంచి తగిలి ముక్కును కావలసినదానికంటే ఎక్కువ తిప్పేస్తుంది. బయటికి వెళ్లడంలో ఆలస్యమైతే పడవ ఒక పక్కకు ఒరిగి ముందుకు బదులు పక్కకు జారుతుంది.

గాలి వచ్చే వైపున్న మార్క్ (మలుపు చూపే గుర్తు) తిరగగానే స్పినేకర్, అంటే ముందు ఉండే బుడగలాంటి తెరచాప, ఎత్తాలి. స్కిప్పర్ (చుక్కాని పట్టినవారు) దాన్ని పైకి లాగుతుంటే క్రూ పోల్‌ను (ఆ తెరచాపను బయటికి చాచి ఉంచే కర్రను) తాడుకూ స్తంభానికీ తగిలిస్తారు. చివరిదాకా లాగకుండా తాడు బిగిస్తే బట్ట నీళ్లలో పడుతుంది. సంచిలో మెలిపడి సర్దితే పైకెళ్లాక నడుం దగ్గర ముడిపడి విచ్చుకోదు. గాలి వెనక నుంచి వస్తుండగా వైపు మార్చడం ఇంకా కష్టం. స్కిప్పర్ నిలబడి చుక్కాని కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో స్పినేకర్ తాళ్లు పట్టి బట్టలో గాలి పోకుండా చూడాలి. ఈలోగా క్రూ పోల్‌ను ఒక వైపు నుంచి ఊడదీసి రెండో వైపు వేస్తారు. పోల్ పడకముందే పడవ తొందరపడి తిరిగితే బట్ట కూలుతుంది, గాలి బలంగా ఉంటే పడవ బోల్తా కొడుతుంది.

తక్కువ గాలిలో ఇంకో చిక్కు. 470లో గాలి 8 నాట్లు, అంటే గంటకు దాదాపు 15 కి.మీ. దాటి, అధికారులు ‘ఓ’ జెండా ఎత్తేదాకా తెరచాపను పదేపదే లాగి పడవను తోయకూడదు, ఒళ్లు ఊపకూడదు. జ్యూరీ పడవ ఈల వేసి పసుపు జెండా చూపిస్తే అక్కడికక్కడే రెండు చుట్లు తిరగాలి. మరోసారి చూపిస్తే ఆ రేసు వదిలేయాలి. గాలి నాలుగైదు నాట్లకు కూడా చేరకపోతే రేసు పెట్టడమే కష్టం. మార్సేలో జరిగిన పారిస్ పోటీల్లో 470 మెడల్ రేస్ ఆగస్టు 7న జరగాల్సింది, గాలి సహకరించక 8న జరిగింది. వాయిదా పడితే దాన్నే వార్తగా రాయండి. ఆ విరామంలో మన జోడీ ఎన్ని పాయింట్లతో ఆగిందో చెప్పండి.

ప్రారంభంలోనూ అంతే. ‘యు’ జెండా ఎత్తిన స్టార్టులో ఆఖరి నిమిషంలో ప్రారంభ గీత దాటి మొదటి మార్క్ వైపు ముందుకొచ్చిన పడవకు విచారణ లేకుండానే అనర్హత. పాపం, ఆ జోడీ బాగా నడపలేక ఆఖరున రాలేదు, ఒక్క సెకను తొందరపడింది. పట్టికలో 20 కనిపిస్తే పక్కనున్న పొడి అక్షరాలు చూడండి, కారణం అక్కడే ఉంటుంది. సాయంత్రం ఫిర్యాదుల విచారణ ముగిసేదాకా ఏ స్థానమూ ఖరారు కాదు కనక పేజీ ముందే కట్టేస్తే ‘తాత్కాలికం’ అన్న మాట చేర్చండి.

2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోనూ మిక్స్‌డ్ 470 ఉంది. అప్పటికి మీ పేజీలో మేం కోరేది పెద్ద వ్యాసం కాదు. జోడీ మొత్తం పాయింట్లు, కొట్టేసిన రేసు, పదో స్థానంలో ఉన్న పడవ పాయింట్లు, ఆరోజు గాలి వేగం. రెండు అంగుళాల స్థలం చాలు. జూలైలో హుస్సేన్‌సాగర్ మీద పిల్లల పడవలు చూడటానికి ట్యాంక్‌బండ్ మీద ఆగేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లు చూసేవి ఎక్కువగా ఒక్కరే నడిపే ఆప్టిమిస్ట్, లేజర్ పడవలు. ఇద్దరు నడిపే పడవ సంగతి వాళ్లకు చెప్పాల్సింది మీరే.

ఫొటో విషయంలోనూ జాగ్రత్త తీసుకోండి. పడవలో ఒకరు కూర్చుని ఇంకొకరు తీగకు వేలాడుతుంటే, ముందు బుడగలాంటి తెరచాపకు పోల్ ఉంటే ఒలింపిక్స్‌లో అది 470. ఇద్దరూ వేలాడుతుంటే, పడవకు రెండు పక్కలా రెక్కలుంటే అది 49ఈఆర్ లేదా 49ఈఆర్ ఎఫ్ఎక్స్ అనే వేరే తరగతి పడవ. ఒక్కరే ఉంటే ఈ వార్తకు ఆ ఫొటో పనికిరాదు.

ఇట్లు,
డింగీ సెయిలింగ్ శిక్షకులు,
హైదరాబాద్