టస్కనీ తెల్లమట్టి దారుల్లో మాకు సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతలు

ఇటలీలోని టస్కనీలో, సియెనా ఊరి చుట్టుపక్కల కొండదారుల్లో మా బృందం సైకిల్ ప్రయాణం క్షేమంగా ముగిసింది. అందుకు కారణమైనవాళ్ళకు విడివిడిగా ఫోన్లో చెప్పాం, అయినా తనివి తీరక ఇక్కడ రాస్తున్నాం. ఒట్టి థ్యాంక్స్‌తో సరిపెడితే తర్వాత వెళ్ళేవాళ్ళకు ఏమీ దక్కదు. అందుకని ఎవరు ఏం చేసిపెట్టారో నట్టూ బోల్టుతో సహా చెబుతున్నాం.

మొదటి దండం బొలోన్యాలో ఉండే అన్నగారికి. పేరు రాయొద్దన్నారు. మేం పంపిన రూట్ చూడకముందే ఆయన అడిగింది ఒక్కటే: "క్యాసెట్‌లో (వెనక చక్రానికున్న గేరు పళ్ళచక్రాల గుత్తిలో) పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు?" సియెనా దగ్గరి కియాంతి కొండలు ఎత్తు తక్కువ. అన్నిటికంటే ఎత్తైన మోంతె సాన్ మికేలె కూడా 893 మీటర్లే. చిక్కు ఎక్కడంటే, ఊళ్ళన్నీ గుట్టల మీద, వాగులన్నీ లోయల్లో. రాద్దా, గయోలె, కాస్తెల్లీనా ఏ ఊరికి పోవాలన్నా దిగాలి, మళ్ళీ ఎక్కాలి. 100 కిలోమీటర్లు తిరిగితే ఎక్కుడు 1,800 మీటర్ల దాకా తేలుతుంది. వికారాబాద్ అనంతగిరి ఎక్కుడు ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. ఇక్కడ అలా కాదు. పైగా ఒక్కో ముక్క నిటారుగా ఉంటుంది: సియెనా కోటలోపలికి వెళ్ళే సాంతా కతెరీనా వీధి 16 శాతం, ఊరి బయట లె తోల్ఫె ఒకచోట 18 శాతం.

అన్న వేసిన లెక్క ఇది. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, ఎక్కుడు 15 శాతం, నిమిషానికి 60 చుట్లు తొక్కుతున్నారనుకోండి. ముందు 34, వెనక 28 పళ్ళయితే వేగం గంటకు 9 కిలోమీటర్లు, కాళ్ళు ఇవ్వాల్సింది 300 వాట్లకు పైమాటే. వెనక కూడా 34 ఉంటే వేగం 7.5కి తగ్గుతుంది, 250 వాట్లు చాలు. ఆ 50 వాట్ల తేడాలోనే తొక్కడమా, దిగి నెట్టడమా అన్నది తేలిపోతుంది. ఆయన మాట విని అందరం 11 నుంచి 34 పళ్ళ క్యాసెట్ వేయించాం. పొట్టి కేజ్ డిరైలర్ ఉన్నవాళ్ళు మాత్రం ఆగి చూసుకోవాలి (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది డిరైలర్, దాని కింద చైన్‌ను లాగిపట్టే చట్రం కేజ్). షిమానో 105 ఆర్7000లో పొట్టి కేజ్ 30 పళ్ళ వరకే పనిచేస్తుంది, 34కి పొడుగు కేజ్ కావాలి. చైన్ కూడా పాతది చాలదు. ముందు పెద్ద రింగు, వెనక పెద్ద చక్రం మీదుగా, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా చుట్టి చూసి, పైన రెండు లింకులు అదనంగా ఉంచి కట్ చేయాలి. చైన్ కురచైతే పొరపాటున పెద్ద-పెద్ద గేరు పడ్డప్పుడు డిరైలర్ ఊడొస్తుంది.

రెండో దండం సియెనా దగ్గరి ఒక చిన్న షాపు మెకానిక్‌కు. ఆయనకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు, అయినా ఇది ఎవరైనా చదివి వినిపిస్తారని ఆశ. విమానంలోంచి దించిన ఒక సైకిల్‌కు అన్ని గేర్లూ బాగానే పడుతున్నాయి, అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే మాత్రం స్పోకుల దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు. చూడగానే ఆయన హ్యాంగర్ మీద వేలు పెట్టారు. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఆ అల్యూమినియం ముక్క లోపలికి వంగింది. డిరైలర్ ఎంతదాకా జరగాలో ఆపే లిమిట్ స్క్రూ మునుపటి చోటే ఉన్నా, మొత్తం డిరైలరే చక్రం వైపు జరిగింది. అలాగే ఎక్కుడు మీద బలంగా తొక్కితే కేజ్ స్పోకుల్లో చిక్కుకుని, హ్యాంగర్, డిరైలర్, చక్రం మూడూ ఒకేసారి పోతాయి. ఆయన డిరైలర్ విప్పి, హ్యాంగర్ మరలోనే వంపు కొలిచే గేజ్ బిగించి, దాని చేతిని రిమ్ చుట్టూ పైనా, కిందా, ముందూ, వెనకా ఆనించి చూశారు. కింద అంటుకుంటోంది, పైన వేలు దూరేంత సందు. కొద్దికొద్దిగా వంచుతూ నాలుగు చోట్లా ఒకేలా వచ్చేదాకా వదల్లేదు. మళ్ళీ మళ్ళీ వంచితే ఇది పగులుతుందని చేతులతోనే చెప్పారు. డబ్బులు మాత్రం తీసుకోలేదు.

కాబట్టి సైకిల్ ప్యాక్ చేసేటప్పుడు డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము వెనక త్రికోణం లోపల కట్టేయండి. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఇంకొకటి వెంట ఉంచుకోండి. ఒక మోడల్‌ది ఇంకోదానికి పట్టదు, పల్లెటూరి షాపులో దొరుకుతుందన్న భరోసా లేదు. అక్కడే సైకిల్ అద్దెకు తీసుకుంటే కదిలే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. మన దగ్గర ముందు బ్రేకు ఎక్కువగా కుడిచేతికి ఉంటుంది, అక్కడి అద్దె సైకిళ్ళకు ఎడమచేతికి. దిగుడులో అలవాటు చొప్పున నొక్కితే లాగేది వేరే చక్రాన్ని.

స్త్రాదె బియాంకె అనే తెల్లమట్టి దారుల గురించి హెచ్చరించింది కూడా అన్నే. 2007లో మొదలైన ప్రొఫెషనల్ పందెం వల్ల ఈ దారుల పేరు లోకమంతా తెలిసింది గానీ, పందెంలో చూసినంత సాఫీగా ఉండవు. అషానో దగ్గర మొదలయ్యే మోంతె సాంతె మరీయె 11.5 కిలోమీటర్లు. నీడ లేదు, నీళ్ళూ లేవు. 70 కిలోల మనిషికి 32 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో 45 నుంచి 50 పీఎస్‌ఐ గాలి చాలు. తారురోడ్డు అలవాటుతో 80 కొడితే చక్రం రాళ్ళ మీద ఎగిరిపడి పట్టు తప్పుతుంది. టైరును పట్టుకునే అంచు మడత లేని హుక్‌లెస్ రిములైతే ఎలాగూ 72 దాటకూడదు. ట్యూబు వాడేవాళ్ళు మరీ తగ్గించినా ముప్పే: రాయికీ రిముకీ మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. కార్లు తిరిగి గట్టిపడ్డ చాళ్ళలోనే పోనివ్వండి, నడిమి గరుసు వదులుగా ఉంటుంది. బ్రేకు మలుపుకు ముందే, చక్రం తిన్నగా ఉన్నప్పుడే. వాన పడితే ఆ బంకమట్టి టైరుకూ ఫ్రేముకూ మధ్య గట్టిగా పట్టేస్తుంది. డిస్క్ ప్యాడ్లు కూడా త్వరగా అరుగుతాయి, మందం అర మిల్లీమీటరుకు వస్తే మార్చేయాలి.

నీళ్ళ కిటుకు చెప్పిన ఒక పెద్దావిడకు కూడా నమస్కారం: ఊరి బయట సమాధుల తోట కనిపిస్తే లోపల కుళాయి ఉంటుంది. 'నోన్ పొతాబిలె' అని బోర్డుంటే తాగకండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పల్లెల్లో దుకాణాలు చాలావరకు మూసేస్తారు, సీసాలూ జేబులూ ముందే నింపుకోవాలి. టస్కనీ బ్రెడ్‌లో ఉప్పు వేయరు. చెమట ఓడ్చే వేసవిలో అది ఎంత తిన్నా పోయిన ఉప్పు తిరిగి రాదు, మనవాళ్ళు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్ళడం మంచిది. శాకాహారులకు ఒక మాట: పెకొరీనో చీజ్‌ను చాలాచోట్ల జంతువుల కడుపులోంచి తీసే రెన్నెట్‌తో పేరుస్తారు.

మిలాన్‌లో చదువుకుంటున్న తమ్ముళ్ళు రైలు గొడవ తీర్చారు. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు ప్రాంతీయ రైలే ఎక్కండి, సైకిల్‌కు విడిగా టికెట్ ఉంటుంది. కాగితం టికెట్టయితే ప్లాట్‌ఫారం మీద మెషీన్లో ముద్ర కొట్టించకుండా ఎక్కొద్దు. ఆ రెండు ఊళ్ళ మధ్య నాలుగు వరుసల రోడ్డు మీద సైకిళ్ళు నిషేధం, మ్యాప్ అటు చూపించినా పోకండి. పాత దారి ఎస్ఆర్ 222 ఉంది, గ్రేవె మీదుగా.

ఇక అక్టోబరులో గయోలెలో జరిగే ఎరోయికా అనే సైకిల్ యాత్రకు వెళ్దామనుకునేవాళ్ళకు. 1997 నుంచి నడుస్తున్న ఆ యాత్రకు 1987కు ముందు నాటి తరహా సైకిళ్ళే తేవాలి. గేరు లీవర్లు ఫ్రేము కింది గొట్టం మీద, పెడళ్ళకు పట్టీలు. వాటికి సాధారణంగా 34 పళ్ళ చక్రం పట్టదు కాబట్టి పై లెక్క పనికిరాదు. పాత ఫ్రీవీల్‌కు (అప్పటి వెనక పళ్ళచక్రాల గుత్తికి) ఏ పళ్ళు దొరుకుతాయో, ముందు రింగు ఎంతకు దించొచ్చో అన్న చెబుతానన్నారు. మాకు రాస్తే ఆయనకు పంపిస్తాం. సైకిల్ ఫ్రేము ఫొటో, వెనక ఇరుసు దగ్గర ఫ్రేము చీలికల మధ్య వెడల్పు మిల్లీమీటర్లలో తప్పకుండా జతచేయండి. అవి లేకపోతే ఆయన జవాబివ్వరు.