అరగంట చిట్కాతో నాలుగొందల ఏళ్ల కత్తి ఏమవుతుందంటే

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను జపాన్‌లో గిఫు అనే చోట ఉంటా, పదకొండేళ్లయింది, కార్ల పార్టులు చేసే ఫ్యాక్టరీలో పని, సొంతూరు నిజామాబాద్ జిల్లా. పొద్దున షిఫ్ట్‌కి పోయే ముందు టీ తాగుతూ ఫోన్‌లో మీ పేపర్ తిరగేయడం అలవాటు. పోయిన ఆదివారం ఇంటి చిట్కాల్లో ఒక చిన్న ముక్క వేశారు చూడండి, తాతల నాటి కత్తులు అరగంటలో అద్దంలా మెరవాలంటే ముందు ఎమెరీ కాగితంతో తుప్పు గీకండి, తర్వాత ఇత్తడి పాలిష్ రాయండి, చివర్లో డ్రిల్ మిషన్‌కి బఫ్ చక్రం తగిలించి తిప్పండి అని. గడ్డపారకో కొడవలికో అయితే నాకేం పేచీ లేదు. కానీ పక్కన ఫొటో జపాన్ కత్తిది పెట్టారు. అది చూసి టీ పొలమారింది, ఎందుకంటే ఇంచుమించు అదే చిట్కా ఒక నిజం కత్తి మీద జరిగితే ఏమైందో, దాన్ని బాగుచెయ్యడానికి ఇంకో మనిషి ఎన్ని తిప్పలు పడ్డాడో నేను దగ్గరుండి చూశా.

ఫ్యాక్టరీలో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకరున్నారు, రిటైరై చాన్నాళ్లయినా మేం ఇప్పటికీ హాన్‌చో అనే పిలుస్తాం, మన దగ్గర మేస్త్రీ అన్నట్టు. వాళ్లింట్లో ఒక వకిజాషి ఉంది, అంటే సమురాయ్‌లు పెద్ద కత్తికి తోడుగా నడుముకి పెట్టుకునే చిన్న కత్తి. పొడవు 1 షాకు 7 సున్‌లు, మన లెక్కలో 51.5 సెంటీమీటర్లు. గిఫులోనే సెకి అని ఊరుంది, వందల ఏళ్లు కత్తులు కొట్టిన ఊరు, ఇప్పుడు వంటింటి చాకులకీ కత్తెరలకీ ఫేమస్. అక్కడి కమ్మరి ఎవరో 1500ల్లో చేసిన కత్తి అది.

దాని అంచు వెంట తెల్లగా ఒక గీత పోతుంది, రంపం పళ్లలాగా, ప్రతి మూడో పన్ను కాస్త ఎత్తుగా, సుగి అనే జపాన్ దేవదారు చెట్లు వరసగా నిలబడ్డట్టు. అందుకే దానికి మూడు సుగి చెట్లు అనే పేరు, సన్‌బొన్‌సుగి. ఆ వైపు కత్తుల్లో ఇంకో గుర్తు మొనలో ఉంటుంది, గీత మొన దాకా వచ్చి వెనక్కి తిరిగే చోట చిన్న తల, మెడ నీడ పడ్డట్టు కనబడుతుంది, దాన్ని జిజో అంటారు. జిజో అంటే ఇక్కడ దారి పక్కన మెడకి ఎర్ర గుడ్డ కట్టి ఉండే రాతి దేవుడు, పిల్లల్ని కాపాడతాడని నమ్మకం, ఊరి బయట మన పోచమ్మ రాయి ఎట్లానో అట్లా. హాన్‌చో చిన్నప్పుడు వాళ్ల నాన్న ఏడాదికోసారి కత్తి బయటికి తీసి, మాట్లాడొద్దు తుంపర పడితే తుప్పు పడుతుంది అని చెప్పి, దీపం కింద మొన వంచి జిజో కనబడ్డాడా అని సైగ చేసేవాడట.

ఇది హాన్‌చో చిన్నకొడుక్కి తెలీదు. నాన్నకి ఎనభయ్యో పుట్టినరోజు వస్తుందని, కత్తి మీద అక్కడక్కడా తుప్పు చుక్కలు ఉన్నాయని, నెట్‌లో వెతికి తక్కువ రేటుకి మూడు వారాల్లో చేసిస్తామన్న వాళ్లకి ఇచ్చాడు. తిరిగొచ్చిన రోజు నేనూ ఉన్నా. అబ్బ ఏం మెరుపండీ, అందులో నా మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. వావ్ అని ముందు అన్నది నేనే, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా. పెద్దాయన మాత్రం ఏం అనలేదు, బల్బు కిందకి తీసుకెళ్లి మొనని అటు వంచి ఇటు వంచి చూశాడు, చాలాసేపు చూశాడు, జిజో లేడురా అన్నాడు. అంతే. కొడుకు మొహం చూడాలి అప్పుడు.

అసలు ఆ గీత ఎవరో గీసింది కాదు. కమ్మరి కత్తికి మట్టి పూస్తాడు, వెన్ను వైపు మందంగా, అంచు వైపు పల్చగా, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పల్చటి వైపు చప్పున చల్లారి గట్టిపడుతుంది, మందం వైపు నిదానంగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది, మన కమ్మరోళ్లు పానం పట్టడం అంటారే అదే పని, కాకపోతే అంచుకి ఒకరకం వెన్నుకి ఇంకోరకం. ఆ గట్టి మెత్తల సరిహద్దునే హమోన్ అంటారు. దాని పక్కన ఉక్కు మీద చెక్క నారలాంటి అల్లిక కూడా ఉంటుంది, ఉక్కుని మడిచి మడిచి కొట్టడం వల్ల వచ్చేది. ఈ రెండూ కంటికి కనబడేలా చెయ్యడానికే సానపట్టేవాడు ఉన్నాడు గానీ మెరిపించడానికి కాదు. బఫ్ చక్రం చేసేది దీనికి పూర్తిగా రివర్స్, ఉక్కు పైపొరని మెత్తగా అలికేస్తుంది, రాత ఉన్న పలక మీద సున్నం కొట్టినట్టు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. జపాన్‌లో కత్తి కొట్టే కమ్మరి అవ్వాలంటే లైసెన్స్ ఉన్న గురువు దగ్గర ఐదేళ్లు పనిచెయ్యాలి, ప్రభుత్వం పెట్టే పరీక్ష దాటాలి. కత్తికి రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి, అందులో పొడవు, వంపు, సంతకం అన్నీ రాసుంటాయి, 1958 చట్టం. కానీ సానపట్టేవాడికి, అంటే తొగిషికి, ఏ లైసెన్సూ అక్కర్లేదు! మంచి తొగిషి దగ్గర శిష్యుడు పదేళ్ల దాకా కూర్చుని నేర్చుకుంటాడు, హొనామి లాంటి వంశాలైతే వందల ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాయి, ఆ వంశంలో హొనామి కోషూ గారికి 2014లో ప్రభుత్వం సజీవ జాతీయ నిధి అని గౌరవం ఇచ్చింది. అయినా సరే ఒక గ్రైండర్ కొనుక్కుని రేపొద్దున నేను బోర్డు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. కత్తికి కాగితం, కొట్టేవాడికి కాగితం, అరగదీసేవాడికి మాత్రం లేదు, ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, తెలిసినవాళ్ల ద్వారా ఒక తొగిషి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మెరుపు వైపు చూడనే లేదు. ట్యూబ్‌లైట్ కింద కత్తి పట్టుకుని నన్ను పిలిచి ఆ లైటు నీడ చూడమన్నాడు, తిన్నగా కనబడాల్సిన ట్యూబ్‌లైట్ కత్తి మీద పాములా మెలికలు తిరిగింది. అంటే మిషన్ ఎక్కడ ఎక్కువసేపు ఆగిందో అక్కడ గుంట పడిందన్నమాట. కత్తి పక్క వెంట పొడుగునా షినొగి అని ఒక గట్టు పోతుంది, చెయ్యి పెడితే తెగుతుందేమో అన్నంత తేటగా ఉండాలి, అది చీకిన పిప్పరమెంటు అంచులా గుండ్రంగా అయిపోయింది. మొనని వేరుచేసే అడ్డగట్టు అసలు లేనే లేదు, గరుకు కాగితంతో ఒక గీత గీసి గట్టులా కనబడేట్టు చేశారు. ఇంకా ఘోరం, బఫ్‌లో పోయిన హమోన్‌ని యాసిడ్ పూసి తెల్లగా తేల్చి, మూడు చెట్ల వరస మీద ఒకే రకం అలలు దిద్దారు. పిడిలోకి పోయే తోక భాగం కూడా శుభ్రంగా తోమారు, అది ఆయనకి బాగా కోపం తెప్పించింది, ఎందుకంటే ఆ నల్లటి తుప్పు వందల ఏళ్లకి గానీ రాదు, కత్తి వయసు, సంతకం నిజమో కాదో దాన్ని చూసే చెప్తారు, అది ఒకసారి పోతే ఎంత గొప్ప తొగిషి అయినా తిరిగి తేలేడు. ఒక్క అదృష్టం ఏంటంటే అంచు ఎక్కడా నీలంగా తిరగలేదు. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీల దాకా కాగినట్టే, పట్టిన పానం దిగిపోతుంది, అంతకంటే తక్కువ వేడికే దిగడం మొదలవుతుంది కూడా, అప్పుడు ఇంక బాగుచెయ్యడానికి ఏమీ మిగలదు.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ముందు కిటికీ తెరుస్తా అన్నాడు, అంటే రెండు మూడు వేళ్ల వెడల్పు చోట మాత్రం సానపట్టి కింద ఏముందో చూడటం. నెల తర్వాత పిలిచి చూపించాడు. ఆ చిన్న కిటికీలో చెట్లు కనబడ్డాయి, ఒకటి పొట్టి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. హాన్‌చో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బాగుచెయ్యడం అంటే పోయింది తెచ్చి అతికించడం కాదండి, అక్కడే చాలామంది పొరపాటు పడేది. గుంట పడ్డ చోట ఉక్కు పెంచలేరు, మిగతా కత్తంతా ఆ గుంట లోతుకి దించాలి, కాబట్టి ఒకడి తప్పు సరిదిద్దడానికి కూడా ఇంకాస్త ఉక్కు పోగొట్టుకోవాల్సిందే. అందుకే ఆయన ప్రతి గుంటనీ పూర్తిగా తియ్యలేదు. లోపల మెత్తటి ఉక్కు, పైన గట్టి ఉక్కు చుట్టి చేసిన కత్తి కదా, ఎక్కువ దిగితే లోపలిది మచ్చలా బయటపడుతుంది. వెన్ను దగ్గర రెండు గుంటలు వదిలేశాడు, అవి అట్లానే ఉండనీ అన్నాడు. నాకు ఆ మాట మీదే ఆయన మీద గౌరవం పెరిగింది.

పని చేసేటప్పుడు రెండుసార్లు చూడనిచ్చాడు. పొట్టి పీట మీద కూర్చుని, రాయి కదలకుండా దాని మీద వంగిన చెక్క ఒకటి పెట్టి కుడి కాలితో తొక్కిపట్టి, పక్కన చెక్క బకెట్లో నీళ్లు, కత్తిని రెండు చేతుల్తో పట్టి రాయి మీద తోస్తాడు, మన సానోడిలాగా చక్రం తిప్పడం లేదు. గరుకు రాయి, తర్వాత ఒకదానికంటే ఒకటి మెత్తటి రాళ్లు, బిన్‌సుయి, కైసెయ్, రెండు రకాల నగురా, చివరికి క్యోటో దగ్గర దొరికే ఉచిగుమొరి. రాయి మారినప్పుడల్లా తోసే దిక్కు కూడా మారుస్తాడు, పాత రాయి గీతలు ఇంకా ఉన్నాయా పోయాయా తెలియడానికి. ఆ తర్వాత పని వేళ్ల మీద, గోరంత రాతి పలుకుని కాగితమంత పల్చగా అరగదీసి, వెనక జపాన్ కాగితం ఉరుషి అనే చెట్టు జిగురుతో అంటించి, బొటనవేలి కింద పెట్టి అంగుళం అంగుళం రుద్దుతాడు. ఐరన్ ఆక్సైడ్ పొడిని నూనెలో కలిపి దూదితో అద్దుతాడు, అల్లిక ముదురు రంగు తేలడానికి. ఆఖర్లో హమోన్ తెల్లగా తేల్చడం రెండు రకాలు, ఉన్నది ఉన్నట్టు తేల్చేది ఒకటి, దాని వెంట మెత్తగా తెల్లగా దిద్దేది ఇంకోటి, ఈ రెండోది మెయ్‌జీ చక్రవర్తి కాలంలో (1868–1912) వచ్చిన పద్ధతి, ఇప్పుడు ఎక్కువమంది అదే చేయించుకుంటారు. హాన్‌చో మొదటిదే అడిగాడు, నాకూ అదే నచ్చింది, దిద్దుళ్లు అప్పటికే చాలా చూశాం.

మొత్తం పది నెలలు పట్టింది. పాత ఒరలో నలుసులుంటాయి, మళ్లీ గీతలు పడతాయని హోనొకి చెక్కతో కొత్త ఒర వేరే పనివాడితో చేయించారు, దాన్ని అన్నం మెతుకుల జిగురుతోనే అతికిస్తారట, లోపల కడగాలంటే చీల్చడానికి వీలుగా. ఖర్చు మొదటివాళ్లకి ఇచ్చినదానికి ఎనిమిది రెట్లు. చేతికొచ్చిన కత్తి ఇప్పుడు అద్దంలా లేదు, వాన ముందు చెరువు నీళ్ల రంగులో ఉంది, నా మీసం కనబడదు. మొనలో ఒక పక్క జిజో తిరిగొచ్చాడు, తల, మెడ అన్నీ తెలుస్తున్నాయి. రెండో పక్క గట్టి ఉక్కు బాగా అరిగిపోయింది, అక్కడ దారం పోగంత గీత మాత్రమే మిగిలింది, దానికి ఎవరూ చేసేదేం లేదని ఆయన ముందే చెప్పాడు.

ఇదంతా మన పేపర్‌కి ఎందుకంటారా. ఒకటి, అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు పాత సామాన్ల అమ్మకాల్లో రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు తెచ్చిన జపాన్ కత్తులు కొంటున్నారు, వాళ్లూ మీ పేపర్ చదువుతారు. జపాన్‌కి పంపి సానపట్టించొచ్చు గానీ కాగితాల పని చాలా ఉంటుంది, అదీ పాత పద్ధతిలో చేతితో చేసిన కత్తికే, యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో చేసిన వాటికి ఇక్కడ రిజిస్ట్రేషన్ ఇవ్వరు, కాబట్టి పంపే ముందే కనుక్కోండి. రెండోది మా జిల్లా సంగతి. మా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు, అట్లాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి జాడ ఉంటుంది. మీ చిట్కా దాన్ని కూడా తుడిచేస్తుంది. తెలిసినవాళ్లు దాన్ని మళ్లీ పైకి తేగలరేమో గానీ, మెరుస్తుంది కదా అని మురిసిపోయే ఇంట్లో అసలు పోయిందని ఎవరికి తెలుస్తుంది? మా అమ్మ ఇత్తడి బిందెకి చింతపండు పెట్టి తోముతుంటే మా నాయనమ్మ, నకాషీ అరుగుతది గట్ల రుద్దకు బిడ్డా అనేది, అది వేస్తే మీ చిట్కాకి చాలు.

కాబట్టి దయచేసి వచ్చే ఆదివారం అదే కాలమ్‌లో, అంతే సైజులో సవరణ వేయండి. పాత కత్తి దొరికితే ఉక్కు మీద వేళ్లు పెట్టొద్దు, మెత్తటి బట్టతో తుడిచి పల్చగా ఏదైనా మెషిన్ ఆయిల్ రాసి పెట్టండి, పిడిలోని తోక తుప్పు ముట్టుకోవద్దు, మిషన్ దగ్గరికి రానివ్వొద్దు, తెలిసినవాళ్లకి చూపించే దాకా ఆగండి, ఈ నాలుగు ముక్కలు చాలు. ఫొటో కావాలంటే హాన్‌చో కత్తిది పంపుతా, ఆయన్ని అడిగా, సరే అన్నారు, రెండు పక్కలూ వేస్తేనే అన్నారు.

ఇట్లు
మీ పాఠకుడు,
గిఫు, జపాన్