ఫిర్యాదు: బేసు స్వరాలను పియానో ఎడమచేతికి రాసి అమ్మిన షీట్లు

అనంతపురం

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ వెబ్‌సైట్‌లో రూ.3,499 పెట్టి కొన్న జాజ్ పియానో ట్రాన్‌స్క్రిప్షన్ (రికార్డింగ్ విని రాసిన స్వరాల షీట్ల) ప్యాక్‌లోని తప్పులు, డబ్బు వాపసు గురించి.

అయ్యా / అమ్మా,

నేను అనంతపురంలో పిల్లలకు పియానో, కీబోర్డు నేర్పుతాను. ఎక్కువమంది ట్రినిటీ సంగీత గ్రేడు పరీక్షల కోసం వస్తారు. వాళ్లలో కొందరికి జాజ్ మీద మనసు పడింది. ఊళ్లో జాజ్ నేర్పేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. వారం వారం బెంగళూరు పంపే స్తోమత ఆ ఇళ్లకు లేదు. అందుకని మాకు రికార్డింగే గురువు. ముందు వినాలి, తర్వాత నోటితో పాడాలి, ఆ తర్వాతే వాయించాలి. అమెరికన్ జాజ్ పియానిస్టు లెన్నీ ట్రిస్టానో కూడా తన శిష్యుల చేత రికార్డుల్లోని సోలోలను మొదట పాడించేవారు. చెవికి అందని చోట మాత్రం షీటు చూసుకుంటాం. మీ పేజీలో “సంగీతకారులు విని, ప్రతి నోటూ సరిచూసిన ట్రాన్‌స్క్రిప్షన్లు” అని పెద్దక్షరాల్లో ఉంది. ఆ మాట నమ్మి కొన్నాను.

ప్యాక్‌లో ముఖ్యమైనవి జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ ట్రియో (ముగ్గురి బృందం) 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన పాటలు. పియానో ఎవాన్స్, బేసు (కింది స్థాయి స్వరాలు పలికే పెద్ద తీగవాద్యం) స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోటియన్. నా ఫిర్యాదులో సగానికి పైగా ఈ షీట్ల గురించే.

ఎవాన్స్ ఎడమచేత్తో పట్టే కార్డుల్లో (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల్లో) చాలాసార్లు మూలస్వరం, అంటే కార్డుకు పేరిచ్చే స్వరం, ఉండదు. దాన్ని బేసుకు వదిలేస్తాడు. ఈ పద్ధతిలో ఎఫ్ మైనర్ సెవెన్ అంటే ఎడమచేతి కింద ఏ ఫ్లాట్, సి, ఈ ఫ్లాట్, జి ఉంటాయి, ఎఫ్ ఉండదు. తర్వాత బి ఫ్లాట్ సెవెన్ వచ్చేసరికి ఈ ఫ్లాట్ ఒక్కటే అరమెట్టు దిగి డి అవుతుంది. మిగతా మూడు వేళ్లూ ఉన్నచోటే ఉంటాయి. ఒక్క వేలు కదిలితే కార్డు మొత్తం మారిపోతుంది. జాజ్ మొదలుపెట్టిన పిల్లలకు నేను ముందుగా చూపించేది ఇదే, చూసిన ప్రతిసారీ వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

మీ షీట్లలో ఇలాంటి కార్డు వచ్చిన చోటల్లా దాని కింద మూలస్వరం కూడా వేసి ఉంది. కొన్ని చోట్ల కింది ఎఫ్ నుంచి పై జి దాకా రెండు ఆక్టేవులు (స్థాయిలు) దాటిపోయింది. ఏ మనిషి ఎడమచెయ్యీ అంత సాగదు. ఆ స్వరాలు లఫారో బేసు మీద వాయించినవి. విన్నవాళ్లెవరికైనా ఈ సంగతి తెలుస్తుంది. కంప్యూటరుకు రికార్డింగ్ అప్పగించి, బేసు ఏదో పియానో ఏదో విడదీయకుండా వచ్చింది వచ్చినట్టు అచ్చు వేశారని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాదంటే ఆ షీట్లు ఎవరు విని రాశారో, ఎవరు సరిచూశారో చెప్పండి.

ఇంకా బాధ కలిగించింది మరొకటుంది. లఫారో కింది స్వరాలు పట్టుకుని వెనకాలే నడిచే మనిషి కాదు. బేసు పైస్థాయికి వెళ్లి పియానోతో మాటకు మాట అన్నట్టు వాయిస్తాడు. ఆ పలుకుల్ని కూడా మీరు పియానో ఖాతాలో వేసేశారు. నా దగ్గర నేర్చుకునే పదో తరగతి అమ్మాయి రికార్డింగ్‌తో పాటు పాడి, తర్వాత మీ షీటు వాయించి చూసి, “మేడమ్, ఇది ఆయన వాయించలేదు గదా, పక్కనాయన వాయించింది గదా?” అంది. ఆ అమ్మాయి చెవి పట్టుకున్న తేడా మీ సరిచూత పట్టుకోలేదు. ఆ పక్కనాయన ఆ కచేరీ జరిగిన పదకొండో రోజున కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఇరవై అయిదేళ్లు. ఆయన వాయించింది ఆయన పేరు మీదే ఉండాలని అడగడం ఎక్కువేమీ కాదు.

ఏ టేక్ (ఒకే పాటను ఎన్నోసారి వాయించినది) విని రాశారో కూడా ఎక్కడా లేదు. ఆ రోజు వాళ్లు ‘ఆల్ ఆఫ్ యూ’ మూడుసార్లు వాయించారు, మూడు టేక్‌లూ విడుదలయ్యాయి. మేము మూడింటినీ పక్కన పెట్టుకుని వరసగా వింటే మీ షీటులో మొదటి భాగం ఒకదానికి దగ్గరగా ఉంది, చివరి భాగం ఇంకోదానికి. పిల్లలు షీటు చూస్తూ వింటే సగంలోనే దారి తప్పుతున్నారు. మూలం చెప్పడం చిన్న విషయం కాదు. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ సంగతే చూడండి. టేప్ మెషీన్ వేగంలో తేడా రావడంతో రికార్డు మొదటి వైపు మూడు పాటలూ ఏళ్ల తరబడి అసలు శ్రుతి కన్నా కాస్త పైకి వినిపించేవి. 1990లలో గానీ సరిచేసి విడుదల చేయలేదు. ఏది విని రాశారో చెప్పకపోతే తేడా షీటులో ఉందో, రికార్డులో ఉందో, తన చెవిలో ఉందో నేర్చుకునేవాడికి ఎలా తెలుస్తుంది?

లయ సంగతి. జాజ్‌లో జంట స్వరాల్లో మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని కుదించడాన్ని స్వింగ్ అంటారు. మధ్యలయలో అది మన తిస్ర నడకు దగ్గరగా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ రెండు స్వరాలూ దాదాపు సమానమవుతాయి. అందుకే మామూలు ఎయిత్ నోట్స్ (అర బీటు స్వరాలు) రాసి పైన స్వింగ్ అని పెట్టడం వాడుక. మీరు అన్ని చోట్లా డాటెడ్ ఎయిత్, సిక్స్‌టీన్త్ (బీటులో మూడు వంతులు ఒకటి, ఒక వంతు ఇంకొకటి) అని రాశారు. అలాగే వాయిస్తే పాట కుంటుతుంది. మింగేసినట్టు తేలిగ్గా తాకే ఘోస్ట్ నోట్స్‌కు గుర్తే లేదు. కార్డు పేర్లు సగం పేజీల్లో లేవు.

కాగితం మీద అంతా రాయలేమని నాకు తెలుసు. కృతికి స్వరం రాసుకున్నా గమకం గురువు నోటి నుంచే రావాలి కదా. జాజ్ పియానిస్టు కీత్ జారెట్ జర్మనీలో చేసిన 1975 కొలోన్ కచేరీకి ట్రాన్‌స్క్రిప్షన్ అచ్చు వేయడానికి ఒప్పుకున్నప్పుడు కూడా, వాయించేవాళ్లు చివరి మాటగా రికార్డింగ్‌నే తీసుకోవాలన్నారు. కాబట్టి షీటులో అంతా ఉండాలని నేను అడగడం లేదు. లేనిది ఉన్నట్టు రాయొద్దు, మెషీన్ రాసిన దాన్ని మనుషులు సరిచూశారని చెప్పొద్దు, అంతే.

మీ కస్టమర్ కేర్‌కు ఇదంతా ముందే చెప్పాను. “ఫైల్ డౌన్‌లోడ్ అయింది కాబట్టి రిఫండ్ రాదు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. షీటు తెరవకుండా అందులో తప్పుందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? తప్పుల గురించి ఒక్క మాటా లేదు.

నాకు పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వండి. ప్యాక్ కొన్న మిగతావాళ్లందరికీ ఈ తప్పులు తెలియజేసి సరిచేసిన షీట్లు పంపండి. పంపలేకపోతే వాళ్ల డబ్బూ ఇచ్చేయండి. ప్రతి షీటు మీద ఏ రికార్డింగ్, ఏ తేదీ, ఏ టేక్ అన్నది వేయండి. “సరిచూసిన” అన్న మాట నిజమయ్యేదాకా పేజీలోంచి తీసేయండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు చెబుతాను, అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే వేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

బిల్లు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, తప్పున్న చోట్ల ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టిన పేజీలు, ఒక్కో గుర్తు పక్కన రికార్డింగ్‌లో ఆ చోటు వచ్చే నిమిషం, సెకను రాసి జత చేస్తున్నాను. సంగీతం తెలిసిన మనిషి చేత ఒక్కసారి వినిపించి జవాబు రాయండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
పియానో టీచరు, అనంతపురం