మేజిస్ట్రేటు గారి కజిన్

ఒరేయ్ శ్రీనూ,

నీ మెసేజ్‌లన్నీ చూశాను, దేనికీ జవాబివ్వలేదు, కోపంగా ఉండి ఉంటావు. సారీ రా, డ్యూటీలు అలా ఏడిచాయి. అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, చిన్నదానికి స్కూల్లో సీటొచ్చింది, స్థలం కాగితాల సంగతి ఫోన్లో మాట్లాడదాం. ఇక అసలు విషయం. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

హిస్టరీ మాస్టారు బ్రిటన్ గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు, గుర్తుందా? "410లో రోమన్ల పాలన పోయింది, తర్వాత చీకటి యుగం." ఆ సాయంత్రమే కదా నీ గదికి ఆ పేరు పెట్టాం, వార్డెన్ బల్బు మార్చేదాకా! ఇప్పుడు ఆ చీకటి యుగం మనిషి ఒకడి సమాధి రాయి చూసొచ్చాను రా.

ఉత్తర వేల్స్ కొండల్లో పెన్‌మాఖ్నో అని చిన్న ఊరు. రాయి అక్కడి చర్చిలో ఉంది. ఐదో శతాబ్దం చివరిదో, ఆరో శతాబ్దం మొదటిదో. లాటిన్‌లో చెక్కారు, వ్యాకరణం తప్పులున్నాయి, అయినా పట్టుబట్టి లాటిన్‌లోనే చెక్కారు. ఏముందంటే: కాంటియోరిక్స్ ఇక్కడ ఉన్నాడు, గ్వినెడ్ (ఆ ప్రాంతం పేరే) పౌరుడు, మాగ్లస్ మేజిస్ట్రేటు గారికి కజిన్. అంతే!

నేను అక్కడే నిలబడిపోయాను. ఆలోచించు. సైన్యం పోయి అప్పటికి దాదాపు వందేళ్ళు. రోమ్ నుంచి కొత్త నాణేలు ఐదో శతాబ్దం మొదట్లోనే ఆగిపోయాయి. నాణెం లేకపోతే జీతం లేదు, జీతాల్లేకపోతే సంతల్లో కొనేవాడు లేడు. పెద్ద పెద్ద కుండల బట్టీలు కొన్ని దశాబ్దాల్లోనే చల్లారిపోయాయి. ఇంత జరిగాక, ఆ కొండల్లో, పోయినవాడి గురించి ఇంటివాళ్ళు రాతి మీద ఏం చెప్పుకున్నారు? యుద్ధాలు కాదు, గొడ్ల మందలు కాదు. పౌరుడు, మేజిస్ట్రేటు గారి బంధువు. నీ పెళ్ళి శుభలేఖలో పేరు పక్కన 'రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దార్' అని పడేదాకా ప్రెస్సులోంచి కదలని మీ పెదనాన్నే గుర్తొచ్చాడు రా! ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

తమాషా ఏంటంటే, ఆ ప్రాంతంలో రోమన్లు సైనిక కోటలు కట్టారు గానీ చెప్పుకోదగ్గ పట్నమే లేదు. మరి మాగ్లస్ దేనికి మేజిస్ట్రేటు? ఆయన్ని ఎవరు పెట్టారు? తగాదాలు తీర్చేవాడా, పన్ను కింద గొడ్లని తోలుకెళ్ళేవాడా... నాకు బుర్ర తిరుగుతోంది. పక్కనే ఇంకో రాయి ఉంది, కరౌసియస్ అనే అతనిది. ఈ రాళ్ళ కుప్పలో పడుకున్నాడని రాశారు. పేరేమో ఒకప్పుడు బ్రిటన్‌ని ఏలిన రోమన్ చక్రవర్తిది, సమాధేమో రాళ్ళ కుప్ప. దాని దగ్గర మనసు అదోలా అయిపోయింది.

ఆ పౌరుడన్న మాట వాళ్ళకి ఎంత ప్రాణమో పాట్రిక్ ఉత్తరంలో చూడాలి. అదే, ఐర్లండ్ సెయింట్ పాట్రిక్. ఆయన కూడా బ్రిటనే. తండ్రి పట్టణ సభ సభ్యుడు. పదహారేళ్ళన్నా నిండకుండానే ఐర్లండ్ దొంగలు ఎత్తుకెళ్ళారు, ఆరేళ్ళు బానిసగా ఉన్నాడు. తర్వాత అక్కడికే బిషప్‌గా వెళ్ళాడు. కొరోటికస్ అనే బ్రిటన్ నాయకుడి సైనికులు ఒకరోజు వచ్చి, అప్పుడే బాప్తిస్మం తీసుకున్నవాళ్ళని, ఇంకా తెల్లబట్టల్లో ఉన్నవాళ్ళని నరికేసి, మిగిలినవాళ్ళని పట్టుకుపోయారు. నుదుటి మీద నూనె ఇంకా ఆరలేదు రా. వదిలిపెట్టమని పాట్రిక్ మనుషుల్ని పంపిస్తే నవ్వి పంపేశారు.

అప్పుడు ఆ సైనికులకి ఉత్తరం రాశాడు. ఏమని? మిమ్మల్ని నా తోటి పౌరులు అనను, పుణ్యాత్ములైన రోమన్ల తోటి పౌరులనీ అనను, దయ్యాల పౌరులు మీరు, అని. అంత కోపంలో ఆయనకి దొరికిన పెద్ద తిట్టు అదే! ఆ తిట్టు వాళ్ళకి తగులుతుందని ఆయనకి తెలిసే ఉండాలి. రోమ్ ఏలుబడి లేదు, రోమ్ సైన్యం లేదు, అయినా నువ్వు పౌరుడివి కాదు పో అంటే మంట పుట్టేంతగా మిగిలింది ఆ మాట. దీన్నా రా మనం చీకటి అని రాసి మార్కులు తెచ్చుకున్నది? ఆ పట్టుకుపోయినవాళ్ళ సంగతి తర్వాత ఏమైందో అని మాత్రం...

సర్లే. ఇంకా చెడ్‌వర్త్ గురించి చెప్పనే లేదు! ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్ జిల్లాలో పెద్ద రోమన్ బంగళా అది. అందులో ఒక గది గోడ పునాదిలో దొరికిన బొగ్గునీ ఎముకనీ పరీక్షిస్తే, గోడ 424 తర్వాతే కట్టారని తేలింది. ఆ గదిలో మొజాయిక్ నేల, రంగురంగుల చిన్న చిన్న రాళ్ళు పరిచి, ముడులూ పువ్వులూ! అంటే పాలన పోయాక కూడా ఎవరో డబ్బు పెట్టి, ఆ పని తెలిసిన మేస్త్రీలని పిలిపించి

కింద హారన్ కొడుతున్నాడు, లిఫ్ట్ ఇచ్చేవాడు వచ్చేశాడు. మిగతాది ఆదివారం రాస్తా. సుజాతకీ పిల్లలకీ అడిగానని చెప్పు.

నీ
రఘు