శ్రీనూ, పిల్లల్ని క్యూలో నిలబెట్టకు

ఒరేయ్ శ్రీనూ,

మీ పాప సాకర్ (ఫుట్‌బాల్) జట్టుకి కోచ్ ఎవరూ దొరక్కపోతే నువ్వే పేరిచ్చావని తెలిసి భలే సంతోషం వేసిందిరా. అమెరికాలో సరదా కోసం ఆడించే ఈ రెక్ లీగ్‌లు నడిచేదే అలా ముందుకొచ్చే అమ్మానాన్నల వల్ల. క్రికెట్ తప్ప ఏమీ తెలీదని కంగారుపడకు. ఐదేళ్ళ పిల్లలకి కోచ్ గొప్ప ఆటగాడు కానక్కర్లేదు. ముప్పావు గంట ప్రాక్టీసులో ఏ ఒక్కరూ ఊరికే నిలబడకుండా చూసుకుంటే చాలు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క పని ఎలా చెయ్యాలన్నదే.

ముందు ఆట సంగతి. అమెరికా సాకర్ సమాఖ్య అయిన యూఎస్ సాకర్ 2017 నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి నలుగురు-నలుగురు ఆటే పెట్టింది. గోల్ కాసే గోలీ ఉండడు, ఆఫ్‌సైడ్ (అవతలి గోల్ దగ్గర ముందే కాచుకుని ఉండకూడదన్న నియమం) లేదు. మైదానం పొడవు 25 నుంచి 35 గజాలు, వెడల్పు 15 నుంచి 25. గోల్ ఎత్తు 4 అడుగులు, వెడల్పు 6 అడుగులు దాటదు. బంతి 3వ సైజు. ఫ్రీకిక్ అయితే అవతలి వాళ్ళు 10 అడుగుల దూరంలో ఉండాలి. పదేళ్ళు, అంతకన్నా చిన్నవాళ్ళు తలతో బంతి కొట్టకూడదని 2015లోనే చెప్పేశారు కాబట్టి ఆ జోలికే వెళ్ళకు. క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగో వంతు) ఎన్ని నిమిషాలు, గీత దాటిన బంతిని చేత్తో విసరాలా కాలితో తన్నాలా అన్నవి లీగ్‌ని బట్టి మారతాయి, మీ వాళ్ళ నియమాలు ఒకసారి చదువుకో. ఇంత చిన్న ఆట ఎందుకంటే, మైదానంలో ఉన్నది ఎనిమిది మందే అయితే బంతి ప్రతి పిల్లకీ మాటిమాటికీ తగులుతుంది. కాలికి బంతి తగలకుండా ఆట రాదు కదా.

సామాను పెద్దగా అక్కర్లేదు. చదునుగా ఉండే పళ్ళెం కోన్లు ఓ 30, రెండు రంగుల్లో జెర్సీ మీద తొడిగే పలచటి బనియన్లు, మడతపెట్టే చిన్న గోల్స్ ఒక జత, గాలిపంపు, గట్టిగా నొక్కితే చల్లబడే ఐస్ ప్యాకులు రెండు మూడు. బంతి మాత్రం ప్రతి పిల్లా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. అన్న ఆడే 5వ సైజు బంతి ఇచ్చి పంపే ఇళ్ళు తప్పకుండా ఉంటాయి, అందుకని నీ దగ్గర 3వ సైజువి రెండు అదనంగా ఉంచుకో. గాలి రాయిలా బిగించకు. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగాలి. బిగుసుకుపోయిన బంతి తగిలితే చిన్నపాదానికి నొప్పి పుడుతుంది, ఇక ఆ పిల్ల గట్టిగా తన్నడమే మానేస్తుంది.

ఇక ప్రాక్టీసు. నువ్వు పావుగంట ముందే వెళ్ళి కోన్లు పరిచెయ్యి. నీ పెద్ద అడుగులతో 20 పొడవు, 15 వెడల్పు ఉన్న గడి ఒకటి, దాని పక్కనే రెండు గోల్స్‌తో చిన్న మైదానం ఒకటి. మొదట ఇద్దరు పిల్లలు రాగానే వాళ్ళిద్దరికీ మధ్య ఆట మొదలుపెట్టెయ్. మూడో వాడు, నాలుగో వాడు వస్తూనే అందులో కలిసిపోతారు. అందరూ వచ్చేదాకా ఆగుదామనుకుంటే మాత్రం వచ్చినవాళ్ళు కోన్లు పీకి నెత్తిన పెట్టుకుంటారు. పది నిమిషాలకి నీళ్ళు. ఆగస్టు చివర్లో టెక్సస్‌లోని మీ ఫ్రిస్కోలో సాయంత్రం ఆరింటికి కూడా ఎండ చంపేస్తుంది, పది నిమిషాలకోసారి నీళ్ళు తప్పనిసరి.

తర్వాత పాతిక నిమిషాలు బంతితో ఆటలు. మనం ఆడుకున్న నాలుగు స్తంభాలాట దీనికి అచ్చంగా సరిపోతుంది. ఏడుగురుంటే గడి చుట్టూ ఆరు చోట్ల మూడేసి కోన్లతో చిన్న ముక్కోణాలు పెట్టు, అవే స్తంభాలు. ఆరుగురు బంతితో సహా స్తంభాల్లో ఉంటారు, ఏడో పిల్ల తన బంతితో మధ్యలో ఉంటుంది. నువ్వు "మారండి" అనగానే అందరూ బంతి తోసుకుంటూ ఇంకో స్తంభానికి పరిగెత్తాలి. అక్కడ అరికాలు బంతి మీద పెట్టి ఆపితేనే చోటు దక్కినట్టు. ఇందులో బంతిని దగ్గర పెట్టుకుని నడపడం, తలెత్తి ఖాళీ చూడటం, ఆపడం మూడూ వచ్చేస్తాయి, నువ్వు ఒక్క ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. రెండు మూడు ముక్కోణాలు మరీ దగ్గరగా పెడితే పిల్లలు పక్కదానికే గెంతుతారు, అందుకని కనీసం నీ పెద్ద అడుగులు ఐదారు పట్టేంత ఎడం ఉంచు.

ఓడినవాళ్ళు బయటికి పోయే ఆటలు మాత్రం పెట్టకు. అందరికంటే ముందు బయటికి వచ్చేది ఆట సరిగా రాని పిల్లే. ఎవరికి ఎక్కువ సాధన కావాలో వాళ్ళే గడ్డి పీకుతూ కూర్చుంటారు. బంతి పోగొట్టుకుంటే అరికాలితో బంతిని పదిసార్లు తాకి మళ్ళీ లోపలికి రమ్మను. అలాగే వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరితో గోల్ కొట్టించే పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఒక్కరు తంతుంటే ఆరుగురు ఖాళీ. ఐదో నిమిషానికి వాళ్ళలో వాళ్ళు తోసుకోవడం మొదలవుతుంది, తప్పు పిల్లలది కాదు.

బొటనవేలితో పొడిచి తన్నడం అందరూ చేస్తారు. అలా తగిలితే బంతి ఎటు పోతుందో తెలీదు, దూరం కూడా పోతుంది. "వేళ్ళు నేలకేసి చూడాలి, లేసులు ముడేసిన చోట బంతి తగలాలి" అని ఒక్కమాట చెప్పు, చేసి చూపించు, వదిలెయ్. ఏం చెప్పినా ఇరవై సెకన్లు మించకూడదు. చెప్పేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చో, ఎండ నీ మొహం మీద పడేలా, వాళ్ళ వీపుకి తగిలేలా చూసుకో. కళ్ళల్లో ఎండ పడే పిల్లకి ఏదీ వినపడదు. ఆఖరి పది నిమిషాలు అసలు మ్యాచ్ ఆడించు. బంతి గీత దాటితే పరిగెత్తి తేకుండా నీ దగ్గరున్న ఇంకో బంతి లోపలికి దొర్లించు.

ఆట మొదలవగానే ఎనిమిది మందీ బెల్లం చుట్టూ చీమల్లా బంతి చుట్టూ మూగుతారు. దాన్ని విడగొట్టాలని చూడకురా. "నువ్వు డిఫెన్సు, ఇక్కడే ఉండు" అని ఒక పిల్లని గోల్ ముందు నిలబెడితే మూగడం తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ ఆ పిల్లకి ఆ క్వార్టరంతా బంతి తగలదు. ఐదేళ్ళ వయసులో బంతి కావాలన్న ఆశ సహజం. ఆ గుంపులోంచి బంతితో బయటపడటం నేర్చుకున్న పిల్లే తర్వాత ఆడుతుంది. ఖాళీ చూడటం ఏడెనిమిదేళ్ళకి దానంతటదే మెల్లగా వస్తుంది.

మ్యాచ్ రోజు మార్పుల లెక్క ముందే కాగితం మీద రాసుకో. ఏడుగురు, నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 8 నిమిషాలు అనుకుందాం. నాలుగేసి నిమిషాలకి మారిస్తే ఎనిమిది విడతలు. పిల్లలకి ఒకటి నుంచి ఏడు వరకు నంబర్లు ఇవ్వు. మొదటి విడత 1, 2, 3, 4. రెండోది 5, 6, 7, 1. మూడోది 2, 3, 4, 5. వరుస ఎక్కడ ఆగితే అక్కడి నుంచి తర్వాతి నలుగురు, అంతే. చివరికి నలుగురికి ఇరవై నిమిషాలు, ముగ్గురికి పదహారు వస్తాయి. మరుసటి వారం 5వ నంబరుతో మొదలుపెడితే అది కూడా సర్దుకుంటుంది. అప్పటికప్పుడు చూసి మారుద్దామనుకుంటే మాత్రం బాగా ఆడేవాళ్ళే లోపల ఉండిపోతారు, నోరులేని పిల్ల బెంచీ మీద ఉండిపోతుంది. దీనికి మాత్రం ఎవరు అడిగినా, ఎంత వెనకబడినా కాగితం దాటకు.

సగం ఆటయ్యాక వైపులు మారితే సొంత గోల్లోకే కొట్టేస్తారు. అవతలి కోచ్‌తో మాట్లాడి, లీగ్ ఒప్పుకుంటే వైపులు మార్చకండి. మారక తప్పదంటే ఆట మొదలయ్యే ముందు నలుగురినీ కొత్త గోల్ దాకా నడిపించి, దాన్ని చేత్తో ముట్టించి తీసుకురా.

ఏడ్చే పిల్లలు ఉంటారు. "ఎందుకు ఏడుస్తున్నావు" అని అడిగితే ఇంకా ఎక్కువవుతుంది. కోన్లు మోసే పని చేతికివ్వు, అమ్మనో నాన్ననో కాసేపు లోపలికి రానివ్వు. చాలాసార్లు అసలు సంగతి ఎడమ బూటు కుడికాలికి వేసుకోవడమో, షిన్‌గార్డు (మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టుకునే బిళ్ళ) సాక్సుకి బయట ఉండి జారిపోవడమో అయి ఉంటుంది. షిన్‌గార్డు లోపల, సాక్సు పైన, లేసుకి రెండు ముళ్ళు అని మొదటి మెయిల్‌లోనే ఇళ్ళకి రాసెయ్. ఆ మెయిల్‌లోనే ఎవరికి వేరుశనగ, బాదం లాంటివి పడవో కూడా అడిగి పెట్టుకో.

తల్లిదండ్రులందరూ ఒక పక్క, నువ్వూ పిల్లలూ అవతలి పక్క ఉండండి. "తన్ను తన్ను" అని గట్టున అరుపు వినగానే చక్కగా బంతి నడుపుతున్న పిల్ల కూడా గుడ్డిగా తన్నేస్తుంది. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలకి కూడా ముందే నెమ్మదిగా చెప్పు: చప్పట్లు కొట్టండి, పేరు పెట్టి మెచ్చుకోండి, ఏం చెయ్యాలో మాత్రం చెప్పొద్దని.

జాగ్రత్తలు కూడా రాస్తాను, చదివి వదిలెయ్యకు. బరువైన గోల్స్ నేలకి బిగించి ఉన్నాయో లేదో నువ్వే ఊపి చూడు, వాటికి ఎవరినీ వేలాడనివ్వకు. ఉరుము వినపడితే అందరూ కార్లలోకి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్ళీ మైదానం. తల గట్టిగా తగిలిన పిల్ల ఆ రోజు మళ్ళీ ఆడకూడదు, బాగానే ఉన్నానన్నా సరే. ఎవరి పిల్లనైనా తీసుకెళ్ళడానికి ఆలస్యమైతే ఇంకో పెద్దమనిషి కూడా నీతో ఉండేలా చూసుకో. లీగ్ వాళ్ళు పంపే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నీ మీద కేసులేమైనా ఉన్నాయేమోనని చూసేది), పిల్లల్ని వేధింపుల నుంచి కాపాడటం గురించి చెప్పే సేఫ్‌స్పోర్ట్ కోర్సు ఈ వారమే పూర్తిచెయ్, అవి లేనిదే మైదానంలోకి రానివ్వకపోవచ్చు.

మీ జట్టులో ఎంతమంది ఉన్నారో, క్వార్టర్ ఎన్ని నిమిషాలో రాయి, మార్పుల కాగితం తయారుచేసి పంపిస్తాను. అన్నట్టు, పంపు సూది బంతిలోకి దించేముందు నీళ్ళతో తడుపు. పొడిగా గుచ్చితే లోపలి వాల్వు చిరిగి గాలి నిలవదు.

ఉంటాను మరి,
నీ రాజు